ప్రపంచ సమస్యలపై విద్యార్థుల సెమినార్ల మూల్యాంకనం: నూజివీడు మామిడి ఉదాహరణ

వ్యవసాయ విద్యలో ప్రపంచ వాణిజ్యం, వాతావరణ మార్పు, ఆహార భద్రత వంటి అంశాలపై విద్యార్థులు సెమినార్లు ఇవ్వడం పరిపాటి. మార్కులు వేసే సమయంలో వాగ్ధాటి, స్లైడ్ల సొగసు, ఆంగ్లంపై పట్టు విషయ పరిజ్ఞానాన్ని కప్పివేసే ప్రమాదం ఉంది. ఈ విద్యార్థులే రేపు విస్తరణ అధికారులై రైతులకు సలహాలు ఇస్తారు. కావున తరగతిలో ఉపేక్షించిన పొరపాటు తోటలో నష్టంగా పరిణమించవచ్చు.

ఏలూరు జిల్లాలోని నూజివీడు మామిడి ప్రాంతానికి సంబంధించిన ఒక సెమినార్ అంశాన్ని పరిశీలిద్దాం: “పండు ఈగ కారణంగా విధించే ఎగుమతి ఆంక్షల దృష్ట్యా ఇక్కడి రైతు ఏమి చేయాలి?”

నేపథ్యం

భారత సరుకులో పండు ఈగ వంటి పురుగులు బయటపడినందున ఐరోపా సమాఖ్య 2014 మే 1 నుండి మామిడితో పాటు నాలుగు కూరగాయల దిగుమతిని నిలిపివేసింది. మామిడిపై ఈ నిషేధాన్ని 2015 జనవరిలో ఎత్తివేసింది. ఐరోపాకు పంపే పండ్లను 48 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో 60 నిమిషాలు ఉంచాలి. జపాన్ 2006లో బంగినపల్లి సహా ఆరు రకాలను అనుమతించింది. అయితే ఆవిరి వేడితో పండు గుజ్జు 47.5 డిగ్రీలకు చేరి 20 నిమిషాలు ఆ స్థితిలో ఉండాలన్నది షరతు. 2007 నుండి అమెరికాకు పంపే పండ్లకు వికిరణ శుద్ధి తప్పనిసరి.

మూల్యాంకన ప్రమాణాలు

మొత్తం 25 మార్కులను ఈ విధంగా విభజించవచ్చు.

1. సమస్య నిర్వచనం (5): ఏ దేశం, ఏ పురుగు, ఏ షరతు అన్నది స్పష్టపరచడం.
2. ఆధారాల కచ్చితత్వం (5): ఒక దేశపు శుద్ధి విధానాన్ని మరొక దేశానికి ఆపాదించకపోవడం.
3. స్థానిక అన్వయం (8): ఎవరు, ఎప్పుడు, ఏ ఖర్చుతో ఏమి చేయాలో చెప్పడం.
4. ప్రశ్నలకు సమాధానం (5).
5. భాష, సమర్పణ (2).

ప్రమాణాల అన్వయం

“రైతులు నాణ్యత పెంచి ఎగుమతి చేయాలి” అని ముగించిన సెమినార్ ఎంత ఆకర్షణీయంగా ఉన్నా మూడవ ప్రమాణంలో రెండు మార్కులకు మించి పొందరాదు. మంచి సెమినార్ పురుగు జీవితచక్రం నుండి మొదలవుతుంది. ఆడ ఈగ పక్వానికి వస్తున్న కాయ తొక్క కింద గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు గుజ్జును తిని, నేలలోకి చేరి కోశస్థ దశను గడుపుతాయి. అందువలన రాలిన కాయలను ఏరి నాశనం చేయడం కీలకం. మిథైల్ యూజినాల్ ఎరలు మగ ఈగలను మాత్రమే ఆకర్షిస్తాయి. కావున ఎరబుట్టలు పెట్టినంత మాత్రాన రక్షణ పూర్తి కాదని విద్యార్థి గుర్తించాలి.

ఇంకొక అంశం మరింత లోతైనది. కాపును ముందుగానే వ్యాపారికి గుత్తకు ఇచ్చే పద్ధతి మామిడి సాగులో ఉంది. అటువంటి తోటలో రాలిన కాయలు ఏరే బాధ్యత యజమానిదా, గుత్తదారుదా? ఆ కూలి ఖర్చు ఎవరు భరిస్తారు? ఈ ప్రశ్నను తానుగా లేవనెత్తిన విద్యార్థి నిర్వహణ సమస్యను గ్రహించినట్లే.

మూల్యాంకన విధానం

ప్రమాణాలను విద్యార్థులకు ముందుగానే తెలియజేయాలి. ఇద్దరు అధ్యాపకులు విడివిడిగా మార్కులు వేసి, ఐదు మార్కులకు మించిన తేడా వస్తే చర్చించి నిర్ణయించాలి. చివరి ఐదు నిమిషాలలో ప్రధాన సిఫారసును రైతుకు అర్థమయ్యే తెలుగులో చెప్పమని కోరాలి. ఆ సిఫారసులో చేయవలసిన పని, కాలం, బాధ్యుడు స్పష్టంగా లేకపోతే, మూడవ ప్రమాణం కింద వేసిన మార్కులను పునఃపరిశీలించాలి.