రాత్రిపూట సెల్లు ఏం చేస్తాంది?

హాస్టల్లో మనకు సెల్‌ఫోన్ ఉండదు. కానీ సెలవులకు ఇంటికి పోతే చదువుకున్నోళ్లమని సెల్లు మన చేతికే ఇస్తారు. అందుకని ఈ పాఠం.

మా నాయన పులివెందుల దిక్కు చీనీ తోటల్లో కూలికి పోతాడు. దసరా సెలవుల్లో చూస్తే ఆయన సెల్లులో ఛార్జింగ్ నిలవడం లేదు. ప్రొద్దుటూరులో ఒక షాపాయన బ్యాటరీ మార్చాలన్నాడు. డబ్బు పెట్టే ముందు పరీక్ష చేద్దామనుకున్నాను.

మూడు రాత్రులు 9 గంటలకు, తెల్లారి 5 గంటలకు ఛార్జింగ్ ఎంతుందో రాసుకున్నాను. మధ్యలో ఎవరూ ముట్టుకోలేదు. డేటా ఆన్‌లో ఉంటే 31 శాతం పోయింది. డేటా ఆపితే 12. ఏరోప్లేన్ మోడ్‌లో 4 మాత్రమే. అంటే బ్యాటరీ బాగానే ఉంది! 4కూ 12కూ తేడా టవర్ వల్ల. మా తండాలో సిగ్నల్ ఒక్క గీతే. టవర్ దూరమైతే సెల్లు ఎక్కువ శక్తి వాడాల, దూరంగా ఉన్నోళ్లను మనం గట్టిగా కేకేసి పిలిచినట్టు. జమ్మలమడుగులో మా అత్త ఇంట్లో ఇదే సెల్లు సాయంత్రం దాకా వస్తుంది.

మరి మిగిలిన 19 ఎవరు తిన్నారు?

సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ అని ఉంటుంది (ఒక్కో ఫోన్లో పేరు కొంచెం వేరే). ఏ యాప్ ఎంత నెట్ వాడిందో, అందులో మనం తెరవకుండానే బ్యాక్‌గ్రౌండ్‌లో ఎంత వాడిందో చూపిస్తుంది. వాట్సాప్, యూట్యూబ్ పైన ఉండటం మామూలే. వాటి కింద ప్రభుత్వ పథకం పేరుతో ఒక యాప్ ఉంది. అది ప్లే స్టోర్ నుంచి కాదు, వాట్సాప్ గ్రూపులో ఏపీకే ఫైలుగా వచ్చిందంట. పర్మిషన్లు చూస్తే మెసేజ్‌లు చదవొచ్చని ఉంది. నాకు భయమేసింది. నాయన కూలి డబ్బు పడే ఖాతా ఓటీపీ ఆ మెసేజ్‌లలోనే వస్తుంది కదా!

వెంటనే నెట్ ఆపినాను. తీసేయబోతే పోలేదు. డివైస్ అడ్మిన్‌లో దాని టిక్కు తీసినాక పోయింది. తెల్లారి నాయన బ్యాంకుకు పోయి విచారించినాడు. డబ్బు అట్లే ఉంది. ఆ రాత్రి డేటా ఆన్‌లోనే పెట్టినా 13 శాతమే పోయింది.

ఇది కొత్త సంగతి కాదు. 2004లో వచ్చిన కాబిర్ అనే మొదటి సెల్‌ఫోన్ వైరస్ బ్లూటూత్‌తో పక్క ఫోన్లను వెతుకుతానే ఉండి బ్యాటరీని ఖాళీ చేసేది.

గూగుల్ ప్లే సర్వీసెస్, ఆండ్రాయిడ్ సిస్టమ్ అని కనిపిస్తే భయపడి తీయొద్దు, అవి ఫోన్‌వే. డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాల.

సంక్రాంతికి మీ ఇంటి సెల్లు మూడు రాత్రుల లెక్క రాసుకొచ్చి ఈ కాగితం కిందనే అతికించండి.