నిమ్మగడ్డి పాలను విరగగొట్టదు

కమలాపురం ప్రాంతపు సంఘాల తనిఖీకి పోయినప్పుడు సభ్యురాండ్రు మమ్ములను తరచు అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: "టీలో నిమ్మగడ్డి వేస్తే పాలు విరుగుతాయి గదా సార్?" విరగవు. ఎందుకు విరగవో తెలిసికొంటే ఇంటి వంటకే గాక, సంఘానికి పోసే పాలకు కూడ మేలు.

నిమ్మకాయకు, నిమ్మగడ్డికి వాసన ఒకటే గాని గుణం వేరు. నిమ్మరసంలో సుమారు 5, 6 శాతం సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. పాలను విరిచేది ఆ పులుపే. నిమ్మగడ్డికి వాసన సిట్రాల్ అనే తైలపదార్థం వల్ల వస్తుంది. అందులో పులుపు లేదు. 1946లో ఆనంద్ పాల సహకార సంఘం వెలసిన గుజరాత్‌లో ఈ గడ్డిని 'లీలీ చా', అనగా పచ్చ టీ అని పిలిచి, పాల టీలో నిత్యం వేసుకుంటారు.

మరి టీ విరిగితే కారణమేమి? సాధారణంగా మూడు.

1. పాలు అప్పటికే పులిసి ఉండుట. తాజా పాలలో ఆమ్లత సుమారు 0.13 నుండి 0.17 శాతం. 0.2 శాతం దాటేకొద్దీ కాచినప్పుడు విరిగే ప్రమాదం పెరుగుతుంది. పచ్చిపాలను చూస్తే ఇది తెలియదు, పొయ్యి మీదనే బయటపడుతుంది.

2. పచ్చి అల్లం. దానిలో పాలను గడ్డకట్టించే గుణమున్నది. ముందు నీళ్లలో బాగా మరిగిస్తే ఆ గుణం నశిస్తుంది.

3. బెల్లం. పాలతోబాటు మరిగించరాదు. దించిన తరువాత కలపాలి.

టీ చేసే విధానం: నలుగురికి రెండు గ్లాసుల నీళ్లు, నాలుగు నిమ్మగడ్డి ఆకులు. ఆకులను కడిగి, తుంచి, నీళ్లలో ఐదు నిమిషాలు మరిగించాలి. టీ పొడి వేసి, వేరుగా కాచిన పాలు రెండు గ్లాసులు పోసి, ఒక పొంగు రానిచ్చి వడగట్టాలి. ఆకు అంచులు కోసుకుపోయేంత పదును గనుక వడగట్టుట తప్పనిసరి.

మజ్జిగకు: దంచిన తెల్లకాడ ఒకటి అరగ్లాసు నీళ్లలో మరిగించి, పూర్తిగా చల్లార్చి, ఉప్పు, జీలకర్ర పొడితో మజ్జిగలో కలపాలి. వేడిగా పోస్తే మజ్జిగ విరుగుతుంది. చారులో కూడ ఒక కాడ దంచి వేసి, దించాక తీసివేయవచ్చును.

పెంచుటకు ఖర్చు లేదు. తెలిసినవారి ఇంట వంటకు వాడుతున్న దుబ్బు నుండి వేరుతో ఒక పిలక తెచ్చి, స్నానపు నీళ్లు పారేచోట నాటితే చాలును. సిట్రొనెల్లా అనే మరొక గడ్డి చూపుకు ఇట్లే ఉంటుంది. అది వంటకు పనికిరాదు.

ముఖ్యమైన మాట. ఈ సువాసన ఇంటికి ఉంచుకున్న పాలకే. సంఘానికి పోసే పాలలో ఏ ఆకూ వేయరాదు. పాలు చుట్టుప్రక్కల వాసనను సులభంగా పట్టుకుంటాయి గనుక పాలపాత్ర ప్రక్కన కోసిన గడ్డి పెట్టరాదు. పులిసిన పాల రుచిని నిమ్మగడ్డితో కప్పిపుచ్చవచ్చునేమో గాని పులుపు పోదు. పులిసిన ఒక చెంబెడు పాలు క్యానులో కలిస్తే పొరుగువారి పాలకూ చేటే.

కావున ఇంట్లో టీ విరిగిననాడు గడ్డిని నిందింపక, పాలపాత్ర మూలలు, మూత, వడగట్టే గుడ్డ చూడండి. వాటిని వేడినీళ్లతో కడిగి ఎండబెట్టండి. పాలు పిండిన వెంటనే కేంద్రానికి చేర్చండి. మన ఎండలకు ఆలస్యమే పాలకు శత్రువు.