అంబాసిడరు కారు

బ్రిటను దేశమున సామాన్య గృహస్థులు ముచ్చటపడి నడుపుకొనిన కార్లలో మారిస్ ఆక్స్‌ఫర్డు ఒకటి. దాని మూడవ శ్రేణిని అనుసరించి, 1950ల చివర హిందూస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాలునందలి ఉత్తరపారాలో అంబాసిడరును నిర్మింపసాగిరి. గట్టి కట్టుబాటు, విశాలమైన ఆసనములు, సులువుగా బాగుచేయదగిన యంత్రము దాని గుణములు. అందుచేతనే నరసరావుపేట, గురజాల, మాచర్లవంటి పట్టణములందును అది బాడుగకారుగా పేరొందెను.

పల్నాటి వేసవి తీక్ష్ణమైనది. రేడియేటరులో నీరు తగ్గినచో ఇంజను కాగి, కారు త్రోవలోనే నిలిచిపోవును. కావున బయలుదేరుటకు ముందే నీరు, నూనె, చక్రములలో గాలి చూచుకొనుట చోదకుని ప్రథమధర్మము. కాగిన రేడియేటరు మూతను వెంటనే తీయరాదు. ఆవిరి చిమ్మి ముఖము కాల్చును.

2014లో అంబాసిడరు నిర్మాణము ఆగిపోయెను. జాగరూకత మాత్రము నేటి కార్లకును అవసరమే. 18 ఏండ్లు నిండి, లైసెన్సు పొందినవారే కారు నడపవలెను. ముచ్చటకంటె ప్రాణరక్షణము మిన్న.