వెన్నెముకయు, దాని బిళ్ళల అరుగుదలయు

రామగుండము, గోదావరిఖని ప్రాంతములలో నడుమునొప్పి మాట వినబడని యిల్లు అరుదు. 1889లో ఇల్లెందు కడ నారంభమైన సింగరేణి బొగ్గు త్రవ్వకము గోదావరి యొడ్డునకు వ్యాపించిన నాటినుండి ఈ సీమలోని కుటుంబము లనేకము నడుము బలము మీదనే బ్రదికినవి. యంత్రములు రాకమునుపు కార్మికులు చెమ్మసుతో బొగ్గును తట్టల కెత్తి, ఆ తట్టలను మోసి టబ్బులు నింపెడివారు. అట్లు పనిచేసిన వారు పెక్కురు నేడు పని విరమించి యిండ్లలో నున్నారు. మా విద్యార్థులలో ననేకులకు వారు తాతలు.

ఇట్టి యిండ్లలో తరచుగా వినవచ్చెడి మాట యొకటి కలదు: "డిస్కు అరిగినదట." ఎమ్మారై పరీక్ష కాగితమున ఆ మాట చూచినది మొదలు కొందరు పెద్దలు మంచము పట్టుదురు. కొందరు అప్పు చేసి పట్టణములలోని ఆసుపత్రుల వెంట తిరుగుదురు. మరికొందరు తమ పనిదినములు తీరిపోయినవని దిగులుపడి, ఆ దిగులును ఇంటిల్లిపాదికిని పంచుదురు. ఆ మాటకు నిజమైన యర్థమేమి? అది యెంతవరకు రోగము, ఎంతవరకు వయోధర్మము? నొప్పి వచ్చినపుడు చేయదగిన దేమి, చేయరాని దేమి? ఈ సంగతులను పై తరగతుల విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలియునట్లు చెప్పుటకు ఇచ్చట యత్నించుచున్నాము.

వెన్నెముక నిర్మాణము

వెన్నెముక ఒకే యెముక కాదు. అది 33 పూసల దండ. మెడయందు 7, వీపునందు 12, నడుమునందు 5 పూసలు కలవు. వాని క్రింది 5 పూసలు వయసు వచ్చుసరికి ఒక్కటిగా అతుకుకొనును. అన్నిటికంటె క్రిందనున్న 4 చిన్నపూసలు తోకయెముక యగును. కదలెడి పూసల నడుమ మెత్తని బిళ్ళలు 23 కలవు. వీనినే డిస్కులందురు. ప్రతి బిళ్ళకును రెండు భాగములు. వెలుపల ఉల్లిపొరలవలె చుట్టలు చుట్టిన గట్టి పీచువలయము. లోపల జిగురువంటి గుజ్జు. యౌవనమున ఈ గుజ్జులో నూటికి సుమారు 80 పాళ్ళు నీరే. బండిచక్రమునకు గాలిగొట్టమెట్లో పూసలకు ఈ బిళ్ళ యట్లు: కుదుపును మ్రింగి, బరువును అన్నివైపులకు సమముగా పంచును.

పూసల వెనుకనున్న కాలువలో వెన్నుపాము దిగివచ్చును. అది నడుము పైభాగముననే ముగియును. అచ్చటినుండి నరములు గుఱ్ఱపుతోకవలె క్రిందికి సాగి, కాళ్ళకును, మూత్రాశయమునకును, మలద్వారమునకును పోవును. బిళ్ళకును నరమునకును ఎడము బహుస్వల్పమని జ్ఞాపకముంచుకొనవలెను. ముందు చెప్పబోవు సంగతులకు ఇదియే మూలము.

బిళ్ళకు ఆహార మెట్లు చేరును?

పెద్దవారి బిళ్ళలలో రక్తనాళములు దాదాపుగా లేవు. పై పూసనుండియు, క్రింది పూసనుండియు ఊటవలె చేరు ద్రవమే దానికి ఆహారము. పగలు శరీరభారము చేత బిళ్ళనుండి కొంత నీరు వెలుపలికి పోవును. రాత్రి పరుండినపుడు బిళ్ళ దానిని మరల పీల్చుకొనును.

విద్యార్థులారా, దీనిని మీరు ఇంటనే పరీక్షింపవచ్చును. ఉదయము లేచిన వెంటనే గోడ కానుకొని నిలిచి, తలపై పుస్తకముంచి గోడపై గుర్తు పెట్టించుకొనుడు. రాత్రి పరుండబోవు ముందు మరల కొలువుడు. రాత్రి యెత్తు ఉదయము కంటె సుమారు ఒక సెంటీమీటరు తగ్గియుండును. ఆ తగ్గిన యెత్తు ఎముకలది కాదు, బిళ్ళలది.

అరుగుట అననేమి?

వయసు మీరినకొలది గుజ్జులోని నీరు తగ్గును, బిళ్ళ పలుచనగును, పీచువలయమున సన్నని బీటలు పుట్టును, పూసల యంచులు మొనలు తేలును. వెండ్రుకలు నెరసినట్లే ఇదియు క్రమముగా జరుగును. దీనికి కారణము పనియేనా? 1952లో ఇంగ్లండునందు కెల్‌గ్రెన్, లారెన్స్ అను వైద్యులు గని కార్మికుల వెన్నెముకలను ఎక్సురేలతో పరీక్షించి, ఇతరులకంటె గని కార్మికులలో నడుము బిళ్ళల అరుగుదల హెచ్చుగా నున్నదని తెలిపిరి. కాని 1995లో ఫిన్లాండు దేశమున 115 జతల కవలసోదరులను పరీక్షింపగా మరియొక సంగతి బయటపడినది. ఇద్దరిలో నొకడు బరువు పనియు, మరియొకడు తేలిక పనియు చేసినను వారి బిళ్ళలు చాలవరకు ఒక్కరీతిగనే అరిగియుండెను. కాబట్టి పనిభారమునకు పాలు కలదు గాని, పుట్టుకతో వచ్చిన వంశలక్షణమునకును, వయసునకును అంతకంటె పెద్దపాలు కలదు. పొగత్రాగుటయు, స్థూలకాయమును దీనికి తోడగునవి.

అన్నిటికంటె ముఖ్యమైన లెక్క ఇది. 2015లో ప్రకటింపబడిన యొక పరిశీలనలో, ఏ నొప్పియు లేని 3,110 మంది చిత్రపరీక్షల ఫలితములను ఒకచోట చేర్చి చూచిరి. నొప్పి లేకయే బిళ్ళలు అరిగినవారు 20 ఏండ్ల వయసున నూటికి 37 మంది, 50 ఏండ్ల వయసున నూటికి 80 మంది, 80 ఏండ్ల వయసున నూటికి 96 మంది. అనగా ఏబదియేండ్ల గని కార్మికుని కాగితమున "అరిగినది" అని యున్నచో, అది అతని యీడువారిలో నూటికి ఎనుబదిమంది కాగితములలో నుండదగిన మాటయే. ఆ మాటను మాత్రము చూచి నొప్పి యెంతయో చెప్పలేము. పని చేయగలడో లేడో అంతకన్న చెప్పలేము. వైద్యుడు చిత్రమును మనిషితో కలిపి చదువవలెను గాని, మనిషిని విడిచి చిత్రమును చదువరాదు.

నొప్పి యెట్లు వచ్చును?

అరిగిన బిళ్ళ పెక్కుమారులు మౌనముగనే యుండును. కొందరిలో పీచువలయము చిట్లి, లోపలి గుజ్జు వెలుపలికి ఉబికి నరమును ఒత్తును. అపుడు పిరుదునుండి పిక్కవరకు, పాదమువరకు మెరుపువలె నొప్పి పాకును. దీనికే సయాటికా యని పేరు. ఈ కాలినొప్పికి మూలము బిళ్ళయే యని 1934లో అమెరికా వైద్యులగు మిక్స్టర్, బార్ అనువారు లోకమునకు విశదపరచిరి. జనులు దీనిని "బిళ్ళ జారుట" యందురు. నిజమునకు బిళ్ళ జారదు. దాని గుజ్జు ఉబుకును. ఉబికిన గుజ్జును శరీరమే క్రమముగా కరగించుకొనుట తరచుగా జరుగును. కావున ఇట్టివారిలో ఎక్కువమందికి శస్త్రచికిత్స లేకయే కొన్ని వారములలో నెమ్మదించును. నొప్పితోపాటు కాలి బలము క్షీణించుచున్నవారికిని, ఎన్ని వారములైనను కాలినొప్పి తగ్గనివారికిని శస్త్రచికిత్స మేలు చేయును. కేవలము నడుమునొప్పికి దానివలన కలుగు మేలు అంత నిశ్చయము కాదు.

బరువు నెత్తు విధము

తరగతిలో తులాదండ సూత్రము చదివినవారు ఈ లెక్క వేయుడు. 20 కిలోల తట్టను చేతులు చాచి, వెన్నెముకకు 50 సెంటీమీటర్ల దూరమున పట్టుకొంటిమనుకొనుడు. దానిని నిలుపవలసిన వీపు కండరము బిళ్ళకు సుమారు 5 సెంటీమీటర్ల దూరముననే యున్నది. కాబట్టి 20 కిలోల తట్టకు ఆ కండరము 200 కిలోల బలముతో లాగవలెను. ఆ లాగుడంతయు బిళ్ళపై పడును. అదే తట్టను ఒంటికి దగ్గరగా, 25 సెంటీమీటర్ల దూరమున పట్టుకొన్నచో ఆ బలము సగమగును. ఇచ్చట శరీరభారమును లెక్కకు తీసికొనలేదు.

1999లో జర్మనీదేశమున విల్కే అను శాస్త్రజ్ఞుడు మరికొందరితో కలిసి ఒక మనిషి బిళ్ళలో సూక్ష్మయంత్రము నుంచి ఒత్తిడిని కొలిచెను. నిలుచున్నపుడు ఒత్తిడి ఒకటి యనుకొన్నచో, నడుము వంచి 20 కిలోల బరువు నెత్తునపుడు అది నాలుగున్నర రెట్లాయెను. మోకాళ్ళు వంచి యెత్తునపుడు మూడున్నర రెట్లకు లోబడినది. ఒంటికి ఆనించి పట్టుకొన్నపుడు రెండింతలకు కొంచె మెక్కువగా నుండెను. పరుండినపుడు అయిదవవంతుకు తగ్గెను. ఒక్క మనిషిపై చేసిన కొలతయైనను, తులాదండ సూత్రమునకు ఇది సరిపోవుచున్నది.

తట్టకు చెప్పినది నీళ్ళ బిందెకును, బియ్యపు మూటకును, గని లోపల లాగెడి కేబులునకును వర్తించును. ఓపెన్‌కాస్టు గనులలో డంపరు నడుపువారికి బరువు నెత్తెడి పని లేకున్నను, గంటలకొలది కుదుపులు తగులును. సీటును సరిగా అమర్చుకొనుట, దారి గుంతలను పూడ్పించుట, నడుమ నడుమ దిగి నాలుగడుగులు నడచుట వారికి రక్ష. దారియు, సీటును, బరువునెత్తు యంత్రమును కార్మికుని చేతిలోని సంగతులు కావు. పని నేర్పాటుచేయు వారి బాధ్యతలు. నడుము నొచ్చినవానిని "జాగ్రత్త లేనివాడ" నుట సులభము. పని పద్ధతిని సవరించుట మేలు.

నొప్పి వచ్చినపుడు

మంచము పట్టవలెనను నమ్మకము మన యిండ్లలో బలముగా నున్నది. 1995లో హెల్సింకీ నగరమున ఉద్యోగులను మూడు వర్గములు చేసి పరీక్షించిరి. రెండు దినములు మంచముపై నుండినవారు అందరికంటె ఆలస్యముగా కోలుకొనిరి. ఓర్చుకొనగలిగినంత వరకు నిత్యకృత్యములు సాగించినవారు అందరికంటె త్వరగా కోలుకొనిరి. కావున నొప్పి తీవ్రముగా నున్న ఒకటి రెండు దినములు బరువుపని తగ్గించుకొని, పిదప మెల్లగా తిరుగవలెను.

తగ్గిన నొప్పి తిరిగి రాకుండుటకు నడకయే గొప్ప యౌషధము. ఆస్ట్రేలియాలో 701 మందిపై చేసి 2024లో ప్రకటించిన పరీక్షలో, క్రమముగా పెంచుచు వారమున అయిదు దినములు అరగంట నడచుటకు అలవడినవారికి నొప్పి తిరుగబెట్టుటకు నడిమి లెక్కను 208 దినములు పట్టెను. నడకపద్ధతి లేనివారికి 112 దినములే.

2023లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దీర్ఘకాలపు నడుమునొప్పికి వ్యాయామమును, రోగికి విషయము బోధించుటను మేలని చెప్పినది. నడుముపట్టీలను, బరువులు కట్టి నడుమును లాగుటను అందరికిని అలవాటుగా వాడవలదన్నది. నొప్పి మాత్రలు కొలదిదినములు వైద్యుని సలహాతో వాడవచ్చును. నెలలకొలది మ్రింగినచో కడుపునకును, మూత్రపిండములకును చేటు. పేరు లేని పొట్లముల మందును తాకనే రాదు. బీడీ మానుటయు, బరువు తగ్గుటయు, చాలినంత నిద్రయు చికిత్సలో భాగములే.

సాయంకాలము ఇంటికి వచ్చిన తండ్రి బోరగిల పరుండి పిల్లవానిచే నడుము తొక్కించుకొనుట మనవారి వాడుక. అలసిన కండరములకు అది కొంత హాయి నిచ్చును. కాని కాలిలో తిమ్మిరి గాని, పట్టు తప్పుట గాని, పడి దెబ్బతగులుట గాని యున్నపుడు పిల్లవాడు వీపు నెక్కరాదు. చేతులతో మెల్లగా మర్దించి, వైద్యునికడకు పోవుదమని చెప్పవలెను.

ఆలస్యము చేయరాని గుర్తులు

అరుగుదలకు భయపడవలదని చెప్పితిమి. భయపడవలసినవి వేరుగా నున్నవి. మూత్రము బిగియుట లేక తెలియకుండ పోవుట; మలము పట్టు తప్పుట; తొడల సందున, కూర్చుండు చోట స్పర్శ తెలియకుండుట; కాలు నానాటికి బలహీనమగుట – వీనిలో ఏ యొక్కటి కనబడినను గుఱ్ఱపుతోక నరములు నలుగుచుండవచ్చును. అది గంటలలో చూడవలసిన యాపద, తెల్లవారువరకు ఆగరాదు. జ్వరము, బరువు తగ్గుట, రాత్రులు విడువని నొప్పి యున్నచో వెన్నెముక క్షయగాని, మరియొక వ్యాధిగాని కావచ్చును. ఎత్తునుండి పడిన పిదపను, గనిలో దెబ్బతగిలిన పిదపను వచ్చిన నొప్పిని నాటువైద్యముతో సరిపుచ్చరాదు. గోదావరిఖనిలో సింగరేణి ఏరియా ఆసుపత్రియు, ప్రభుత్వ ఆసుపత్రియు కలవు, అచ్చట చూపించుకొనవలెను.

విద్యార్థులకు

పుస్తకముల సంచి శరీరపు బరువులో పదవవంతు మించరాదని 2020లో కేంద్రప్రభుత్వము విధానము ప్రకటించినది. సంచివలననే బిళ్ళలు అరుగునని నిరూపింపబడలేదు. కాని బరువెక్కిన సంచి భుజములకును, వీపునకును నొప్పి తెచ్చుట కలదు. ఆటస్థలమున పరుగెత్తుట, ఈదుట, ఇంటిపనిలో చేయి వేయుట కండరములను బలపరచును. బిందెను మోకాళ్ళు వంచి యెత్తుట మీ తల్లికి చూపుడు. మీ తాత చేతిలోని కాగితమును చదివి, "ఇది వయసుతో వచ్చు మార్పు, నడుము విరిగినదని కాదు" అని యతనికి చెప్పి, సాయంకాలము వెంటనుండి నడిపించుడు. ముందు చెప్పిన గుర్తులలో నేదైన నున్నదా యని మరువక అడుగుడు. ఈ రెండు పనులు మీలో ప్రతివారును చేయగలిగినవే.