పసిబిడ్డల అల్లిక దుస్తులు: ఉతుకుట, భద్రపరచుట

గత చలికాలములో మా షోలాపూరు సంఘపు గదికి ఒక సభ్యురాలు కాగితపు పొట్లమొకటి తెచ్చి బల్ల మీద విప్పినది. అందులో ఉన్నది ఒక ఊలు స్వెట్టరు. ఆరు నెలల బిడ్డకని అల్లినది. ఇప్పుడు బొమ్మకు తొడిగితే సరిపోవునట్లు కుదించుకొని, దళసరియై, అట్టవలె బిగిసిపోయినది. మగ్గము మీద పని తక్కువగా ఉన్న నెలలలో ఈమె ఊలు కొని, కుళ్లాయి, స్వెట్టరు, మేజోళ్ళు కలిపి బిడ్డల జతలు అల్లి అమ్ముచున్నది. కొన్నవారు ఒక్కసారి ఉతికినారట. నకిలీ ఊలు పెట్టి మోసము చేసినావు, డబ్బు తిరిగి యిమ్మని వాకిట నిలబడి కేకలు వేసినారట.

"నేను మంచి ఊలే పెట్టినాను అన్నా, మీరే చూడండి" అని ఆమె కన్నీళ్ళు పెట్టుకొన్నది.

మేము చూచినాము. ఊలు మంచిదే. మంచిది కనుకనే అట్లయినది! బజారులో ఊలు పేరుతో అమ్ముడగు కృత్రిమ దారమైతే ఇట్లు అట్టకట్టి ఉండెడిది కాదు. ఈ సంగతి కొన్నవారికి చెప్పి ఒప్పించుటకు మాకు ఒక పూట పట్టినది. చివరకు ఊలు ఖరీదు వారు విడిచిపెట్టిరి, కూలి ఈమె విడిచిపెట్టినది. ఈమెకు నాలుగు రోజుల పని నష్టము. ఇట్టి తగవు మరొకరి వాకిట రాకుండుటకు ఈ పాఠము వ్రాయుచున్నాము. అమ్మువారికిని, ఇంట బిడ్డలున్నవారికిని ఇది పనికి వచ్చును.

మనము నేతవాళ్ళము. పడుగు పేకలు తెలిసినవాళ్ళము. అందువలననే అల్లిక విషయములో ఎక్కువగా పొరబడుదుము. నేతగుడ్డలో రెండు వరుసల దారములు ఒకదానినొకటి అడ్డముగా దాటుచు తిన్నగా పోవును. పొడవునగాని వెడల్పునగాని లాగినచో దారమే సాగవలెను. అది ఏమంత సాగదు. అల్లికలో ఉన్నది ఒకే దారము. అది ఉచ్చులుగా వంగి, ఒక ఉచ్చులో నుండి మరొకటి వచ్చి వ్రేలాడుచుండును. లాగినప్పుడు దారము సాగనక్కరలేదు, ఉచ్చు రూపు మారిన చాలును. పొడుగున లాగితే ఇరుకగును, అడ్డముగా లాగితే పొట్టియగును. 1589లో ఇంగ్లాండులో విలియం లీ అనునాయన మేజోళ్ళ మరను కనిపెట్టినది మొదలు నేటి తిరుప్పూరు బనియను మరల వరకు జరుగుచున్న పని ఇదే, ఉచ్చులో నుండి ఉచ్చును లాగుట. బిడ్డ తల దూరునట్లు మెడ సాగి మరల దగ్గరపడుట ఈ గుణము వలననే. ఉతుకుటలో పాడగుటయు దీని వలననే.

నూలు బనియను గుడ్డ మొదటి ఉతుకునకు పొట్టియగుటకు కారణము కూడ ఇందులోనే ఉన్నది. మరమీదను, రంగు తొట్టిలోను దానిని పొడుగున లాగుచునే ఉందురు. ఉచ్చులు ఆ బిగువుతోనే ఆరిపోవును. ఇంట నీళ్ళలో పడగానే అవి తమ సహజ రూపునకు వచ్చును. పొడవు తగ్గి వెడల్పు కొంత పెరుగును. ఇది దుకాణదారుని మోసము కాదు. బిడ్డకు ఒక కొలత పెద్దది కొనవలెను, అంతే. ఎట్లును బిడ్డ పెరుగును గదా.

ఊలు సంగతి వేరు. ఊలు వెంట్రుకను సూక్ష్మదర్శినిలో చూచిన, చేప పొలుసులవంటి పొరలు ఒకే దిక్కునకు వాలియుండుట కనబడును. వేడి నీళ్ళలో, క్షారముగల సబ్బులో ఆ పొలుసులు లేచి నిలుచును. అప్పుడు బండమీద రుద్దినను, మరలో త్రిప్పినను వెంట్రుకలు ఒకదానిలోనొకటి దూరి ముందుకే జరుగును, వెనుకకు రాలేవు. అట్లు చిక్కుపడి అట్టకట్టినది మరల విడిపోదు. కాశ్మీరులో నమదాలు చేయువారు కావలెననియే ఈ పని చేయుదురు. ఊలు పరచి, సబ్బు నీళ్ళు చల్లి, చుట్టచుట్టి త్రొక్కుదురు. మా సభ్యురాలి స్వెట్టరును కొన్నవారు మరుగుచున్న నీళ్ళలో చాకలి సోడా వేసి, నానబెట్టి, బండమీద ఉతికినారు. బిడ్డబట్ట గనుక శుభ్రముగా ఉండవలెనని అట్లు చేసినారు. వారి ఉద్దేశము మంచిదే.

ముందుగా దారమేదో తెలిసికొనవలెను. లోపలి కుట్టులో నుండి జానెడు పోగు తీసి, పట్టకారుతో పట్టి, పళ్ళెము మీద అగ్గిపుల్లతో వెలిగించి చూడుడు. ఊలైతే నెమ్మదిగా కాలి, వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, వ్రేళ్ళతో నలిపిన పొడియగు బూడిద మిగులును. నూలైతే కాగితమువలె భగ్గున కాలి కొంచెము బూడిద మిగులును. అక్రిలిక్ అను కృత్రిమ దారమైతే కరగుచు కాలి, నల్లని గట్టి పూసవలె ముద్ద మిగులును. కొన్ని దారములు మిశ్రమముగా ఉండును. వాటిని ఊలుగానే ఎంచి ఉతుకుట మేలు. అక్రిలిక్ అట్టకట్టదుగాని ఇస్త్రీపెట్టె వేడికి చచ్చి, జాలిగా సాగిపోవును. దానికి ఇస్త్రీయే వద్దు.

కొన్న దుస్తులకు పట్టీ ఉన్నచో దానిని కత్తిరించి పారవేయకుడు. తొట్టిలో చేయి గుర్తున్న చేతితోనే ఉతుకవలెనని అర్థము. తొట్టిలో 30 అని ఉన్న, 30 డిగ్రీల సెంటిగ్రేడు వేడిని మించరాదు. కొట్టివేసిన త్రిభుజము బ్లీచింగు వద్దనును. చదరము నడుమ అడ్డగీత పరచి ఆరవేయమనును.

కొత్త దుస్తులను ఒక్కసారియైనను ఉతుకక బిడ్డకు తొడుగరాదు. మెత్తదనమునకు పట్టించిన మందులు, మిగిలిన రంగు, దుకాణపు దుమ్ము అందులో ఉండును. కొన్ని అజో రంగులు హాని చేయునని 1997లో మన కేంద్ర ప్రభుత్వము నిషేధించిన సంగతి అద్దకము చేయు మనవారికి తెలిసినదే. మన పెద్దవారు పుట్టిన బిడ్డకు కొత్త గుడ్డ తొడుగక, పలుమార్లు ఉతికి మెత్తబడిన పాత ధోవతి చింపి పొత్తిగుడ్డలు చేసినారు. బారసాల నాటి పట్టు చొక్కాకన్న ఆ పాత గుడ్డయే బిడ్డ ఒంటికి హితమని మేమును ఒప్పుకొందుము, కొత్త గుడ్డ అమ్ముకొను వాళ్ళమైనను!

నీళ్ళు, సబ్బు

బోరు నీళ్ళున్న చోట సబ్బు సరిగా నురగ రాక, తెల్లని తెట్టు కట్టును. ఆ తెట్టు ఉచ్చుల సందులలో దూరి, ఆరిన తరువాత గరగరలాడును. బిడ్డ మెడ క్రింద, చంకలలో ఎర్రబారుటకు ఇది కూడ ఒక కారణము. పట్టుకు, ఊలుకు కుంకుడుకాయను మించినది మాకు కనబడలేదు. ఒక జతకు పది పన్నెండు కాయలు చాలును. గింజలు తీసి, చితుకగొట్టి, రాత్రి అరలీటరు వేడి నీళ్ళలో నానవేసి, ఉదయము పిసికి, పలుచని గుడ్డలో రెండుమార్లు వడియగట్టి, నాలుగైదు లీటర్ల నీళ్ళలో కలుపవలెను. తెల్లని ఊలుకు కొంచెము గోధుమ ఛాయ రావచ్చును. అట్టివాటికి క్షారములేని ఊలు సబ్బు ద్రవము వాడవచ్చును. చాకలి సోడా, బ్లీచింగు పొడి ఊలును తినివేయును. ఎంజైములున్నవని గొప్పగా చెప్పుకొను పొడులు పాల మరకను తీయు గుణముతోనే ఊలును కూడ కొరుకును. ఊలును వెంట్రుకవంటి మాంసకృత్తే గదా. ఆ పొడులను నూలుకు వాడుకొనవచ్చును.

ఉతుకుటకు ముందు దుస్తును కాగితము మీద పరచి పెన్సిలుతో చుట్టు గీత గీయుడు. ఇది మరువవద్దు. నీళ్ళు చేయి పెట్టిన చల్లగాను, వెచ్చగాను తోచకుండవలెను. అందులో ఐదు పది నిమిషములుంచి, అరచేతుల నడుమ మెల్లగా ఒత్తవలెను. రుద్దకూడదు, మెలిపెట్టకూడదు, చెంబుతో పైనుండి ధారగా పోయకూడదు. తీయునప్పుడు భుజములు పట్టి ఎత్తక, క్రింద రెండు చేతులు పెట్టి ముద్దగా ఎత్తవలెను, తడిసిన ఊలు మిక్కిలి బరువు. జాడించు నీళ్ళు కూడ అంతే వెచ్చగా ఉండవలెను; వేడిలో నుండి చన్నీళ్ళలోనికి ఒక్కసారిగా దింపరాదు. మూడుమార్లు జాడించి, కడపటి నీళ్ళలో వడియగట్టిన నిమ్మరసము నాలుగు చుక్కలు వేసిన, మిగిలిన క్షారము విరిగి మెత్తగా ఉండును. కుంకుడు కళ్ళకు మంట గనుక కుళ్లాయిని ఇంకొకసారి జాడించుట మంచిది.

మరకలలో పాలు, కక్కు, మూత్రము వెంటనే చన్నీళ్ళలో తడుపవలెను. వేడినీళ్ళు పోసిన పాలమరక పోగులో ఉడికి పట్టుకొనును. పసుపు మరకకు సబ్బు తగులగానే ఎర్రబడును. పసుపునకు సున్నము తగిలి కుంకుమ రంగు తిరుగుట వంటిదే అది, బెదరనక్కరలేదు. సబ్బు పోవువరకు జాడించి, నూలైతే ఎండలో వేసిన పసుపు తనంతట తానే వెలియును. కాటుక మసి మాత్రము తేలికగా పోదు. కొంచెము కొబ్బరినూనెతో మెత్తబరచి పిదప కుంకుడుతో కడిగిన కొంత పోవును. బిడ్డ కంటికి కాటుక వద్దని వైద్యులు ఎట్లును చెప్పుచునే ఉన్నారు.

గంజి సంగతి ఒక మాట. గంజి లేని గుడ్డ గుడ్డయే కాదని మనకు అలవాటు. అల్లికకు గంజి పెట్టరాదు. ఉచ్చులు బిగుసుకొని సాగుట పోవును, బిడ్డ ఒళ్ళు ఒరియును, పెట్టెలో బొద్దింకలు చేరును.

ఆరవేయుట

నీళ్ళు కారు స్వెట్టరును తాడు మీద వేసిన చేతులు మోకాళ్ళ దాక సాగును. మన షోలాపూరు తువ్వాలు ఒకటి పరచి, దుస్తును దానిపై పెట్టి, చాపవలె చుట్టి, పైనుండి ఒత్తవలెను. సగము నీరు తువ్వాలు త్రాగును. తరువాత నులక మంచము మీద పొడి తువ్వాలు పరచి, ముందు గీసిన కాగితపు కొలతకు చేతితో సర్ది, నీడలో గాలికి ఆరనియ్యవలెను. తెల్ల ఊలు ఎండకు పచ్చబారును. నూలు బనియనులు మాత్రము ఎండలో ఆరుటే మేలు.

ఆరిన తరువాత మేజోళ్ళను, చేతి సంచులను తిరుగవేసి లోపల చూడవలెను. ఇది ప్రతి ఉతుకునకు చేయవలసిన పని. ఊడిన పోగుగాని, తల్లి తలవెంట్రుకగాని లోపల ఉండి బిడ్డ కాలివ్రేలికి చుట్టుకొన్న, వ్రేలు వాచి, రక్తము ఆడక చెడిపోవు ప్రమాదము కలదు. మాటలు రాని బిడ్డ ఏడ్చును. ఆకలియని పాలిత్తురు, కడుపునొప్పియని వాము నీళ్ళు వెదకుదురు, మేజోడు విప్పి చూడరు. అల్లువారు పోగు కొసలను లోపల నాలుగు ఉచ్చుల దాక కుట్టి దాచవలెను. కుళ్లాయికి మెడ చుట్టు కట్టు పొడుగు తాళ్ళు, ఊడివచ్చు బొత్తాములు పెట్టవద్దని మా సభ్యులకు గట్టిగా చెప్పుచున్నాము, కొనువారు అందముగా ఉండునని అడిగినను.

దాచుట, కలరా ఉండలు

చిమ్మట ఊలు తినదు. దాని పురుగుపిల్ల తినును. పాలు, చెమట అంటిన చోటనే మొదట కొరుకును. కాబట్టి ఉతికి, బాగుగా ఆరినదానినే దాచవలెను. దీనికని మనవారు బీరువాలో నాఫ్తలీను గోలీలు, అనగా కలరా ఉండలు, వేయుదురు. బిడ్డబట్టలలో వాటిని వేయకుడు. కొందరికి పుట్టుకతోనే రక్తకణములలో జి-6-పి-డి అను ఎంజైము తక్కువగా ఉండును. మగబిడ్డలలో ఇది ఎక్కువ. అట్టి బిడ్డకు ఆ గోలీల ఆవిరి పట్టిన గుడ్డ కప్పిన చాలును, ఎర్ర రక్తకణములు పగిలి, కామెర్లు ముదురును. పురిటి బిడ్డలో కామెర్లు మితిమీరిన మెదడు దెబ్బతినును, ప్రాణమే పోవచ్చును. నూనె రాచిన ఒళ్ళు ఆ మందును ఇంకను తేలికగా పీల్చుకొనును. మనము రోజును నూనె రాచువారమే. తన బిడ్డకు ఈ లోపమున్నదో లేదో పరీక్ష చేయించనిదే తల్లికి తెలియదు. అన్నకు వాడిన స్వెట్టరు రెండేండ్లు ఉండలలో ఉండి తమ్మునికి వచ్చును, భయమంతయు అక్కడనే. అట్టి గుడ్డను ముందు కొన్ని రోజులు గాలికి వేసి, ఉతికి, ఎండబెట్టి, వాసన ఏమాత్రము లేదని తేలిన తరువాతనే వాడవలెను. బిడ్డ పచ్చబడినను, పాలిపోయినను, మూత్రము నల్లబడినను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోయి, గోలీల సంగతి కూడ వైద్యునికి చెప్పవలెను. కర్పూరము కూడ పసిబిడ్డల దగ్గర వద్దు.

మరి పురుగునకేమి చేయవలెను? పాత ధోవతిలో చుట్టి, మూత బిగువుగా పట్టు డబ్బాలో పెట్టి, నెలకొకసారి తీసి దులిపి గాలికి వేసిన చాలును. ఎండిన వేపాకును గుడ్డసంచిలో కట్టి ప్రక్కన పెట్టవచ్చును. అది పురుగును చంపదు, కొంత దూరముంచును. యానాము, బరంపురము వంటి తేమగాలి చోట్ల బూజు భయము ఎక్కువ. అక్కడివారు వానకాలములో పొడి దినము చూచి వారమున కొకసారి తెరువవలెను.

ఇప్పుడు మా సభ్యురాలు ప్రతి జతతోను ఒక చీటీ పెట్టుచున్నది. తెలుగులోను, మరాఠీలోను ఉన్నది. "ఇది అసలు ఊలు. గోరువెచ్చని నీళ్ళలో కుంకుడుతో ఒత్తి ఉతుకుడు. సోడా, రుద్దుట, మర వద్దు. పరచి నీడలో ఆరవేయుడు. మేజోళ్ళ లోపల చూచి తొడుగుడు. కలరా ఉండలు వేయకుడు." చీటీ కావలసిన సంఘములు దీనిని తమ భాషలో అచ్చు వేయించుకొనవచ్చును.

ఆ కుదించుకొన్న స్వెట్టరును ఆమె పారవేయలేదు. అట్టకట్టిన ఊలును కత్తిరించినను పోగు ఊడదు. దానిలో రెండు జతల బిడ్డజోళ్ళు కత్తిరించి, అంచు కుట్టి, ఒక జతను అమ్మినది. రెండవది మా గదిలో బల్ల మీద ఉన్నది, వచ్చినవారికి చూపుచున్నాము.