మెస్సు ఫ్రిజ్జూ, కరెంటు లెక్కా

గత వేసవికి ముందు మా హాస్టల్ మెస్సు కమిటీ సమావేశంలో ఒక తీర్మానం వచ్చింది. మెస్సులో ఉన్న నాలుగు తలుపుల పెద్ద ఫ్రిజ్ పాతబడిపోయింది, కరెంటు విపరీతంగా తింటోంది, పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి విరిగిపోతున్నాయి, కనుక కొత్తది కొనాలి, అందుకుగాను మనిషికి 500 రూపాయలు వసూలు చేయాలి అని. మేము 180 మందిమి. 500 రూపాయలు ఒక లెక్కా అని కొందరికి అనిపించవచ్చు గాని, మెస్సు బకాయి కట్టలేక పరీక్షల ముందు డబ్బుకోసం ఊరికి పరుగెత్తే మిత్రులు మా వరండాలోనే నలుగురున్నారు. నేను లేచి పదిహేను రోజులు గడువు అడిగాను. నవ్వారు గాని ఇచ్చారు.

రిఫ్రిజిరేటర్ చలిని తయారు చేస్తుందని మనం మాటవరసకు అంటూంటాం. నిజానికి అది వేడిని తోడి బయట పోసే యంత్రం. లోపలి గొట్టాలలో ఒక ద్రవం తక్కువ పీడనంలో ఆవిరవుతూ చుట్టుపక్కల వేడిని పీల్చుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ బలంగా అదిమి బయటి గొట్టాలలోకి, అనగా కండెన్సర్‌లోకి పంపుతుంది. అక్కడ అది తన వేడిని గది గాలికి వదిలి తిరిగి ద్రవమవుతుంది. సన్నని కేపిలరీ గొట్టంలో దూరి, పీడనం తగ్గి, మళ్లీ లోపలికి చేరుతుంది. ఇంతే దాని సంసారం.

బోరు మోటారు ఎరిగినవాళ్లకు ఇది సులువుగా బోధపడుతుంది. నీళ్లు 100 అడుగుల్లో ఉన్నప్పుడూ, 300 అడుగులకు దిగిపోయినప్పుడూ అదే తొట్టి నిండడానికి ఒకే కరెంటు సరిపోదు కదా! ఫ్రిజ్‌కు లోతు అంటే లోపలి గొట్టాల ఉష్ణోగ్రత, ఎత్తు అంటే బయటి గొట్టాల ఉష్ణోగ్రత. 1824లో ఫ్రాన్సులో సాది కార్నో అనే 28 ఏళ్ల ఇంజనీరు ఆవిరి యంత్రాల గురించి చెప్పిన సూత్రాన్నే తిరగవేస్తే ఈ లెక్క వస్తుంది. లోపలి గొట్టం -10 డిగ్రీలు (263 కెల్విన్‌లు), బయటి గొట్టం 45 డిగ్రీలు అనుకుందాం. తేడా 55. ఒక యూనిట్ కరెంటుతో తోడగల వేడి మహా అయితే 263/55, అంటే 4.8 యూనిట్లు. అదే బయటి గొట్టం 60 డిగ్రీలకు కాగితే తేడా 70 అవుతుంది, ఫలితం 3.8కి పడిపోతుంది. అదే పనికి కరెంటు నాలుగో వంతుకు పైగా ఎక్కువ కాలుతుందన్నమాట. ఇది ఆదర్శ యంత్రం సంగతి. అసలు యంత్రాలు ఇందులో సగం ఇస్తే గొప్ప. అందుకని ఇకమీద నేను 2 అనే వేసుకుంటాను.

ఎలక్ట్రీషియన్‌ను బతిమాలి ఫ్రిజ్‌కు విడిగా మీటరు పెట్టించాను. మూడు రోజుల సగటు, రోజుకు 14 యూనిట్లు. ఒక గ్లాసు నీళ్లలో ల్యాబ్ థర్మామీటరు ముంచి లోపల పెడితే 11 డిగ్రీలు చూపించింది. 5కి మించకూడదు. పాలు విరగక ఏం చేస్తాయి?

"పాతబడిపోయింది బాబూ, నా మాదిరే" అన్నాడు వంట బాబాయి. ఇద్దరం కలిసి కింది జాలీ విప్పాం. కండెన్సర్ రేకుల మధ్య వేలు దూరే సందు లేదు. ఏళ్ల తరబడి తాలింపు పొగలోని నూనె, దానికి పట్టిన పిండీ దుమ్మూ కలిసి కంబళిలాగా అట్టకట్టాయి. మెయిన్ ఆపి, మెత్తని బ్రష్‌తో రేకుల వాలుగా దులిపాం. అడ్డంగా తోమితే ఆ రేకులు వంగిపోతాయి, జాగ్రత్త. రెండు గంటల పని, ఒక చాటెడు మురికి.

లోపలి కాయిల్ మీద మంచు బెత్తెడు పేరుకుంది. మంచు వేడిని సరిగా పోనివ్వదు, పైగా గాలికి అడ్డం. ఈ మంచు ఎక్కడిదంటే మూతలు లేని సాంబారు గిన్నెల నుంచీ, పెరుగు నుంచీ వచ్చిన తేమే. ఆ తేమ ఒక్కొక్క గ్రాము నీరుగా మారి గడ్డకట్టేటప్పుడు దాదాపు 2,800 జౌళ్ల వేడిని కాయిల్‌కు అప్పగిస్తుంది. గిన్నెకు మూత పెట్టడం కూడా కరెంటు పొదుపేనని నాకు అప్పుడు తట్టింది.

తలుపు రబ్బరు పట్టీలో కాగితం పెట్టి మూసి లాగితే రెండు తలుపులకు అడ్డూ ఆపూ లేకుండా వచ్చేసింది. ఒకటి వేడినీళ్లతో కడిగితే మెత్తబడి మళ్లీ అతుక్కుంది. రెండోది చిరిగింది, మార్పించాం. థర్మోస్టాట్‌ను ఎవరో చివరిదాకా తిప్పి ఉంచారు. అలా తిప్పితే త్వరగా చల్లబడదు, కంప్రెసర్‌కు విశ్రాంతి పోతుంది, అంతే.

అన్నిటికన్నా తమాషా బల్బుది. తలుపు మూస్తే ఆరుతోందా లేదా? సెల్ ఫోన్‌లో వీడియో ఆన్ చేసి లోపల పెట్టి తలుపు మూశాను. చూస్తే, దీపం దేదీప్యమానంగా వెలుగుతూనే ఉంది! తలుపు దగ్గరి స్విచ్ చెడిపోయింది. 40 వాట్ల బల్బు రోజంతా వెలిగితే 0.96 యూనిట్. అది పుట్టించిన వేడిని తోడడానికి ఇంకో 0.48. ఎవరూ చూడని వెలుతురుకు రోజుకు దాదాపు ఒకటిన్నర యూనిట్లు.

బాబాయితో నాకు పేచీ వచ్చింది వేడి సాంబారు దగ్గర. మిగిలింది పొగలు కక్కుతుండగానే లోపల పెడతాడు, పులిసిపోతుందని భయం. 20 కిలోల సాంబారును 80 డిగ్రీల నుంచి 5కి దించాలంటే 6,300 కిలోజౌళ్లు తీయాలి, కరెంటులో 0.88 యూనిట్. ముందుగా బోరు నీళ్ల తొట్టిలో గిన్నె నిలిపి, కలుపుతూ 35కి దించితే ఫ్రిజ్‌కు మిగిలేది 0.35 యూనిట్ మాత్రమే. అయితే బాబాయి భయమూ అబద్ధం కాదు. గోరువెచ్చగా బయట వదిలేస్తే సూక్ష్మజీవులకు విందే. రెండు గంటలు దాటకుండా లోపలికి పోవలసిందేనని రాజీ కుదిరింది. తలుపులు మాటిమాటికి తీయవద్దంటే మాత్రం ఆయన ఒప్పుకోలేదు. "తియ్యకుండా నూట ఎనభై మందికి పెరుగెట్లా వెయ్యను?" న్యాయమైన ప్రశ్న. పాలు, పెరుగు, పచ్చిమిరపకాయలు ఒకే తలుపు వెనక సర్దాం. మిగతా మూడూ చాలాసేపు మూసే ఉంటున్నాయి.

కొత్త యంత్రాలు పనికిరావని నా వాదన కాదు. ఇప్పుడు కొన్నిటిలో ప్రొపేన్, అంటే ఆర్-290 వాడుతున్నారు. మా దానిలో ఉన్న ఆర్-134ఎ బయటికి కారితే కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. కాని కొత్తదాన్ని కూడా తాలింపు పొగలో పెట్టి దులపకపోతే రెండేళ్లలో అదీ ఇంతే.

గడువు ముగిసేనాటికి మీటరు రోజుకు 9.5 యూనిట్లు చూపించింది, అదీ ఏప్రిల్ ఎండల్లో. గ్లాసులో థర్మామీటరు 4 డిగ్రీలు. రబ్బరు పట్టీ, స్విచ్, చిన్న ఎల్‌ఇడి బల్బు ఖర్చు చిల్లర ఖాతాలోనే సరిపోయింది. 500 రూపాయల వసూలు వాయిదా పడింది. ఒక్క పని మిగిలింది. ఫ్రిజ్ ఇప్పటికీ దోసెల పొయ్యి పక్కనే, గోడకు మూడంగుళాల దూరంలో ఉంది. అవతలి గోడకు జరపాలంటే ప్లగ్ పాయింటు కావాలి. దానికి పెట్టిన అర్జీ మీద ఇంకా ఎవరూ సంతకం చేయలేదు. నెలకొకసారి మాత్రం నేనూ బాబాయీ జాలీ విప్పి దులుపుతున్నాం.