మూసీ వరదయు మిగిలిన మనుష్యుడును

ఆప్తుని పోగొట్టుకొన్న యింటికి పరామర్శకు పోయినవారు సాధారణముగ మూడు మాటలలో నేదో యొకటి పలుకుదురు. "కాలమే మాన్పును" అనునది మొదటిది. "ఇక మరచిపొమ్ము" అనునది రెండవది. మూడవది ఎదుట పలుకరు, గడప దాటిన పిదప, "ఏ జన్మమున నేమి చేసిరో!" అందురు. పలుకువారియందు దయ లేదనరాదు. అయినను ఈ మూడింటిలో ఏ మాట నిలుచును, ఏ మాట నిలువదు అను విచారణకు హైదరాబాదు పాతబస్తీ చరిత్రయే తగిన పాఠ్యగ్రంథము.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది నగరముపై బడినది. ఆ ఉపద్రవమును ఉర్దూ మాటలాడువారు నేటికిని 'తుగ్యానీ' అందురు. శంషాబాదున 24 గంటలలో 12.8 అంగుళముల వాన కురిసినట్లు లెక్క కలదు. మూసీకి నీరుచేర్చు ప్రాంతమంతట 788 చెరువులు గొలుసుకట్టుగ నుండెను. ఎగువ చెరువు తెగి దిగువ చెరువుపై బడినది, అదియు తెగినది. ఇట్లు రెండువందలకు పైబడిన చెరువుల నీరు ఏకమై వచ్చినప్పుడు నది యొడ్డున నున్న పేటలు ఎట్లు నిలుచును? సుమారు 15,000 మంది మరణించిరి. సుమారు 80,000 మందికి నిలువనీడ లేకపోయెను. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు తెగి, ఈ గట్టు వారికి ఆ గట్టు వారి క్షేమము తెలియరాకపోయెను. క్రిందటి సాయంకాలము దీపములు పెట్టుకొని భోజనములు చేసి పండుకొన్నవారికి మరునాడు ఇల్లు లేదు, ఇంటివారు లేరు.

ఆ దినమున జరిగిన రెండు సంగతులను ప్రక్కప్రక్కన నుంచి చూడవలయును. నీరు పెరుగుచుండగా జనులు అనేకులు పేట్లబురుజు పైకెక్కిరి. అది రాతికట్టడము, ఎత్తైనది. దానికంటె క్షేమమైన స్థలము కనుచూపుమేరలో లేదు. ఆ బురుజే కూలిపోయి, ఎక్కినవారు కొట్టుకొనిపోయిరి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి తోటలో ఒక చింతచెట్టు కలదు. వేరు గతి లేనివారు దాని కొమ్మలు పట్టుకొనిరి. సుమారు 150 మంది ఆ కొమ్మలపైననే ప్రాణములు దక్కించుకొనిరి. రాతిని నమ్మినవారు అవివేకులు కారు. చెట్టెక్కినవారు దూరదృష్టి గలవారును కారు. ఆ గడియలో ఎవరికి తోచినది వారు చేసిరి. బురుజు ఎక్కిన తల్లి చేసిన పాపమేమి, కొమ్మ పట్టుకొన్న కూలివాడు చేసిన పుణ్యమేమి అని తూచుటకు కూర్చున్నవాడు ముందుగ తన త్రాసును పరీక్షించుకొనుట మంచిది. మూడవ మాట ఇచ్చటనే వీగిపోవును.

ఇక మొదటి రెండు మాటలు. ఆ వరదలో సర్వమును కోల్పోయినవారిలో సయ్యద్ అమ్జద్ హుస్సేన్ అను యువకుడొకడు. తరువాతి కాలమున అమ్జద్ హైదరాబాదీ అను పేర రుబాయీ కవిగ ప్రసిద్ధి కెక్కినవాడు ఈయనయే. చిన్ననాటనే తండ్రి గతించగా తల్లి యాయనను పెంచి చదివించినది. ఆ తల్లియు, భార్యయు, చిన్నకుమార్తెయు మూసీపాలైరి. తాను మాత్రము బ్రతికి బయటపడెను. ఒక్కడే మిగులుట యనునది ఎట్టి శిక్షయో మిగిలినవారికే ఎరుక. మరణించినవారికి ఊరు ఊరంతయు కన్నీరు పెట్టును. మిగిలినవానికి, "నీవైనను దక్కితివి, అదృష్టవంతుడవు" అని చెప్పును.

అమ్జద్ మరచిపోవలెనని యత్నించినట్లు కానరాదు. మరచినవాడు దానిని వ్రాయడు. ఆయన ఆ వరదపై 'ఖయామతె సుగ్రా' అను కావ్యము రచించెను. చిన్నప్రళయము అని దాని యర్థము. జీవిక కొరకు పాఠశాలలో చదువు చెప్పెను. ప్రభుత్వపు లెక్కల కచేరీలో ఉద్యోగము చేసెను. మరల సంసారము నేర్పరచుకొనెను. నాలుగు పాదముల రుబాయీలలో జీవిత మంతయు ఇమిడ్చి చెప్పుటలో దక్కనుదేశమున ఆయనకు సాటి యరుదని రసజ్ఞులు తలంతురు. వరద తరువాత 53 సంవత్సరములు జీవించి 1961లో గతించెను. గాయము మానిన పిదప పని మొదలిడుట వేరు, గాయముతోనే పనిలోనికి దిగుట వేరు. శరణులు కాయకమునకు అంతటి స్థానము నిచ్చుటలోని యొక యర్థము ఇట్టి సమయముననే బోధపడును: దుఃఖించువాని చేతికి ఏదో యొక పని దొరకినప్పుడు దినమునకు మరల ఉదయము, సాయంకాలము అనునవి ఏర్పడును. అంతకు మించి ఆశించుట తొందరపాటు.

ఊరి దుఃఖమును ఇట్లే నడచినది. ఆనాటి నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ తన భవనముల తలుపులు నిరాశ్రయులకు తెరపించెను, అన్నశాలలు వెలసెను. మరుసటి సంవత్సరము మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించి, ఇట్టి యాపద మరల రాకుండు నుపాయము అడిగిరి. మూసీ మీద ఒకటియు, ఈసీ మీద ఒకటియు జలాశయములు కట్టవలెనని ఆయన చెప్పెను. 1911లోనే గతించిన మహబూబ్ అలీఖాన్ వాటిని చూడలేదు. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. అనగా కన్నీరు కట్టగ మారుటకు పందొమ్మిదేండ్లు పట్టినది. కాలమే మాన్పునను మాటలో పాలు కొంత నిజమున్నను, ఆ యేండ్లలో తట్టలు మోసిన చేతులను అది లెక్కలోనికి తీసికొనదు.

మరుపు సంగతి వేరు. అది వ్యక్తికి కొంత ఊరట యిచ్చునేమో గాని ఊరికి చేటు. చెరువుల గర్భములలోను, నాలాల గట్లపైనను ఇండ్లు లేచుట మరుపువలననే. 2020 అక్టోబరు వానలలో పల్లెచెరువు కట్ట తెగి పాతబస్తీలోని కాలనీలు మునిగినప్పుడు, మేడలపై కెక్కి ప్రాణములు కాచుకొన్నవారు చూచినది 1908 నాటివారు చూచిన నీటినే.

ఆ చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటికిని కలదు. ఏటేట సెప్టెంబరు 28న కొందరు పౌరులు దాని క్రింద కూడి, కొట్టుకొనిపోయినవారిని స్మరించి, మరల ఎవరి పనులకు వారు పోవుదురు.